పులికాట్‌లో పక్షి మేతను బట్టి బురద ఆరోగ్యం చదవడం ఎలా?

జనవరి వచ్చి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ మాట వినబడగానే తిరుపతిలో అందరూ అడిగేది ఒక్కటే: ఈసారి పక్షులు ఎన్ని వచ్చాయంట? ఎక్కువ వచ్చాయంటే పులికాట్ సరస్సు బాగున్నట్టు, తక్కువంటే చెడిపోయినట్టు. ఆ లెక్క మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మురుగు కలిసే చోట పక్షులు కొన్నాళ్లు ఎక్కువే ఉంటాయి.

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో నగరం మురుగును శుద్ధి చేయకుండా ఫోర్త్ సముద్రపాయలోకి వదిలిన రోజుల్లో, ఆ గొట్టాల దగ్గరికి స్కాప్ అనే మునిగే బాతులు చలికాలంలో వేలల్లో చేరేవి. మురుగుతో బలిసిన పురుగులు, గుల్లలు, దాంతోపాటు కొట్టుకొచ్చే ధాన్యం గింజలు వాటి తిండి. 1978లో శుద్ధి కేంద్రం మొదలైంది. తర్వాత కొన్నేళ్లకే ఆ గుంపులు కరిగిపోయాయి. నీళ్లు బాగుపడ్డాయి, బాతులు వెళ్లిపోయాయి. తలల లెక్క ఒక్కటే చూసినవాడు దీన్ని తిరగేసి చదువుతాడు.

అందుకే ఇక్కడ చెప్పేది తలలు లెక్కపెట్టే పద్ధతి కాదు. పక్షి అడుగు బురదలో ఏం తింటోంది, ముక్కుతో ఎన్ని పోట్లు పొడిస్తే ఒక మింగుడు దొరుకుతోంది, ఆ బురద ఏ స్థితిలో ఉంది, ఈ మూడూ కలిపి చూడటం ఎలాగో చెబుతాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి మనకు ఇది సొంత ఊరి పనే.

ముందు బురద సంగతి

రొయ్యల చెరువు చేసినవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. మేత ఎక్కువ పడితే నీళ్లు చిక్కటి పచ్చగా తిరుగుతాయి. మధ్యాహ్నం డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా చూపిస్తుంది, తెల్లవారుజామున పడిపోతుంది. అడుగు నల్లబడుతుంది. రొయ్య తేలుతుంది. సరస్సులో ఎవరూ మేత వేయరు గానీ, పొలాల్లోంచి యూరియా, డీఏపీ కరిగిన నీళ్లు, ఊళ్ల మురుగు, చెరువుల్లోంచి వదిలే నీళ్లు అదే పని చేయగలవు. పులికాట్‌కు కాళంగి, ఆరణి నదులు నీళ్లు తెస్తాయి. ఉత్తరపు కొసన స్వర్ణముఖి ఉంది. అంటే చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా పారే నీటికీ ఈ బురదకూ చుట్టరికం ఉంది.

నత్రజని, భాస్వరం ఎక్కువైతే నీటిలో సూక్ష్మమైన పాచి పెరుగుతుంది. అది చచ్చి అడుక్కి దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా అడుగునున్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే అడుగునుండే చాలా జీవులకు ప్రాణం మీదికొస్తుంది. కానీ ఇది ఒక్కరోజులో జరగదు. 1978లో పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ వరుసను వివరించారు. మొదట కొద్దిగా పోషకాలు చేరితే పురుగులు, గుల్లలు పెరుగుతాయి. ఇంకా చేరితే పెద్ద గుల్లలు, లోతు బొరియల్లో ఉండే పెద్ద పురుగులు తగ్గి, ఎంత మురికినైనా తట్టుకునే చిన్న ఎర్ర పురుగులు లక్షల్లో పుడతాయి. ఆ తర్వాత అవీ ఉండవు, నల్లబురదే మిగులుతుంది.

మధ్యలో ఒక దశ ఉంది, దాన్ని పట్టుకోవడమే మన పని. ఊపిరాడక పురుగులు, గుల్లలు లోపలి నుంచి పైపైకి వస్తాయి. మామూలుగా ముక్కుకు అందనివి కూడా చేతికందే దూరంలో ఉంటాయి. ఆ కొద్ది రోజులూ పక్షులకు పండగే. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు సరస్సు కళకళలాడుతూ కనిపిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎటు నిలబడాలి

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా హైవే పట్టుకుని సూళ్లూరుపేట చేరడానికి రెండు గంటలు వేసుకోండి. దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. అక్కడ గూడబాతులు గూళ్లు పెడతాయి, కానీ అవి చేపలు తినేవి కాబట్టి ఈ పనికి అక్కర్లేదు, వచ్చేటప్పుడు చూసుకోవచ్చు. సూళ్లూరుపేటలోనే టిఫిన్ చేసి, నీళ్లు నింపుకుని బయల్దేరండి. సరస్సు మీద నీడ ఉండదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. అటకానితిప్ప చుట్టుపక్కల రెండు వైపులా బురద తేలి ఉంటుంది. రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు ఉంటుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కాబట్టి ఉత్తరం వైపు బురదను చూస్తే వెలుతురు మీ వీపు వైపు నుంచి పడుతుంది. ముక్కు కొనలో ఏముందో కనబడాలంటే ఇది చాలా ముఖ్యం. దక్షిణం వైపు అంతా నల్లటి నీడబొమ్మలే.

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌కు వెళ్లే బస్సులు, లారీలు వేగంగా పోతుంటాయి. బండి పూర్తిగా అంచుకు దించి ఆపండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు. షార్ గేటు వైపు కెమెరా తిప్పొద్దు, డ్రోన్ ఆలోచనే వద్దు.

నెలల సంగతికొస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండుతుంది. జనవరి నుంచి నీళ్లు తీసి బురద బయటపడుతుంది. మార్చి దాటితే ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. ఇక్కడ సముద్రపు ఆటుపోట్లు పెద్దవి కావు. నీటి అంచును గాలి ముందుకూ వెనక్కూ తోస్తుంటుంది. ఆ అంచు ఎటు కదులుతోందో గమనించండి, చిన్న పక్షులన్నీ దాని వెంటే నడుస్తాయి.

ముక్కును బట్టి మేత

పేర్లన్నీ నేర్చుకున్నాకే మొదలుపెట్టాలని కూర్చోకండి. ముక్కు పొడవు, వాడే తీరు తెలిస్తే సగం పని అయినట్టే. లిటిల్ స్టింట్ అనే పిచ్చుకంత పిట్ట ముక్కు 2 సెంటీమీటర్లు ఉండదు. అది పైపొరలో ఉన్నదే తినగలదు. నల్లతోక గాడ్‌విట్ అనే పొడుగు కాళ్ల పక్షి ముక్కు 8 నుంచి 11 సెంటీమీటర్లు. కర్లూ ముక్కు అంతకన్నా పొడవు, కిందికి వంపు, పెద్ద పురుగునూ పీతనూ బొరియలోంచి లాగుతుంది. గాడ్‌విట్ ముక్కు మొత్తం తెరవకుండా పై ముక్కు కొనను మాత్రమే ఎత్తగలదు. బురదలో పూర్తిగా దిగబడిన ముక్కుతో పురుగును పట్టడం అందుకే సాధ్యం. ఉల్లంకి జాతుల ముక్కు కొనలో స్పర్శ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి, అవి కంటికన్నా ముక్కునే నమ్ముతాయి. ప్లోవర్లు అనే పొట్టి ముక్కు పిట్టలు దీనికి పూర్తిగా వేరు. గబగబా నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, చూపు, ఒక పోటు. వాటికి కళ్లే ఆధారం. నాచు పరుపు కప్పేసిన బురద మీద ప్లోవర్లు పెద్దగా దిగకపోవడానికి ఇదో కారణం.

ఫ్లెమింగో దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. తల తిరగేసి ముక్కు నీటిలో పెట్టినప్పుడు కింద ఉండేది పై దవడ. నాలుక పంపులా ముందుకూ వెనక్కూ ఆడుతూ నీళ్లు లాగి వదులుతుంది, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్ల లాంటి పొరలు తిండిని ఆపుతాయి. చిన్న రొయ్యజాతి జీవులు, నత్తలు, ఈగజాతి లార్వాలు, పురుగులు, గింజలు, అన్నీ పోతాయి. చాలామంది కాళ్లను చూడరు. ఒకేచోట తొక్కుతూ, తల మధ్యలో ఉంచి ఒళ్లు చుట్టూ తిప్పుతుంది. నీళ్లు తీసినచోట ఆ తొక్కుడుకు పడ్డ గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. మధ్యలో చిన్న దిబ్బ, చుట్టూ గాడి. 2025లో చిలీ ఫ్లెమింగోల మీద వచ్చిన ఒక పరిశోధన, అవి తలను గబుక్కున పైకి లాగి నీటిలో సుడులు పుట్టించి అడుగునున్న జీవుల్ని పైకి తెచ్చుకుంటాయని చూపింది. ఇంత తొక్కుడు తొక్కే పక్షి బురదను తనే మార్చేస్తుంది కాబట్టి, ఫ్లెమింగో గుంపు మేసి వెళ్లిన చోట పురుగులు తక్కువ కనబడితే వెంటనే కాలుష్యం మీదికి తోసేయకండి.

సూదితోక బాతులు, ఇతర బాతులు ఎక్కువగా గింజలు, నీటి మొక్కల మీద ఆధారపడతాయి. ఎర్రకాళ్ల కొంగ చేపల కోసం వస్తుంది. ఈ పనిలో వాటిని పక్కన పెట్టొచ్చు.

రెండు నిమిషాల లెక్క

గుంపులో ఒక పక్షిని ఎంచుకోండి. అందంగా ఉన్నదాన్నో, దగ్గరున్నదాన్నో ఎంచుకుంటే లెక్క తప్పుదారి పడుతుంది. బైనాక్యులర్ పెట్టగానే ఎడమ అంచు నుంచి మూడోది, ఇలా ఏదో ఒక నియమం ముందే పెట్టుకోండి. స్టాప్‌వాచ్ నొక్కి 2 నిమిషాలు దాన్నే చూడండి. ముక్కు దించిన ప్రతిసారీ ఒక గీత. మింగినప్పుడు గీత మీద అడ్డగీత. మింగుడు ఎలా తెలుస్తుందంటే, తల కొంచెం పైకెత్తి గొంతు కదులుతుంది. పొడుగ్గా ఏదో సాగదీసి లాగితే పక్కన 'పు' అని రాయండి, అది పురుగు. గట్టిదాన్ని దవడల మధ్య సర్దుకుని మింగితే 'గు', గుల్ల. ఏదీ కనబడకుండా మింగితే 'చి', అంటే చిన్నది. ఎన్ని అడుగులు వేసిందో కూడా రాస్తే మంచిది. ఒకరు చూసి చెబుతుంటే మరొకరు రాయడం తేలిక.

పక్షి ఎగిరిపోతే, నిద్రకు తల దాచుకుంటే ఆ లెక్క వదిలేయండి, అరకొరగా ఉంచొద్దు. ఒకే జాతివి కనీసం పది పక్షులైనా చూడాలి. 15 నిమిషాలకోసారి మొత్తం గుంపు మీద చూపు తిప్పి ఎన్ని మేస్తున్నాయి, ఎన్ని ఊరికే నిలబడ్డాయి అని రాసుకోండి.

ఇప్పుడు అంకెలు చదవడం. ఒక చోట గాడ్‌విట్ 60 పోట్లకు 6 మింగుళ్లు, అందులో 4 పెద్ద పురుగులు అనుకుందాం. ఇంకోచోట 60 పోట్లకు 20 మింగుళ్లు, అన్నీ కనబడనంత చిన్నవి. రెండోదే మంచి మేత అనిపిస్తుంది, కానీ గాడ్‌విట్‌కు కడుపు నిండేది మొదటిచోటే కావచ్చు. మంచి మేతబురదలో పెద్దవి దొరుకుతాయి, పక్షి నెమ్మదిగా నడుస్తుంది, మధ్యమధ్య తీరిగ్గా ముక్కుతో ఈకలు సర్దుకుంటుంది. చిన్నవాటి మీదే బతకాల్సిన చోట రోజంతా మేత మానదు. మధ్యాహ్నం ఎండలో కూడా గుంపు మొత్తం తలలు దించే ఉంటే ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఒడ్డు నుంచే బురద చదవడం

పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అనుమతి లేకుండా లోపల తవ్వడం, నమూనాలు తీయడం కుదరదు. అయినా ఒడ్డు చాలా చెబుతుంది.

గేదెలు తొక్కిన చోటు వెతకండి. గిట్ట దిగిన గుంట పక్కగోడలో బురద పొరలు కేకు ముక్కలా కనిపిస్తాయి. పైన గోధుమరంగు పొర, దాని కింద బూడిదరంగు, ఆ కింద నలుపు. గోధుమరంగు పొర ఎంత మందంగా ఉంటే ఆక్సిజన్ అంత లోతుకు చేరుతోందని అర్థం. వేలి గోరంత కూడా లేకుండా పైనుంచే నల్లగా ఉండి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడితే అది హైడ్రోజన్ సల్ఫైడ్. నలుపు మీద తెల్లటి బూజు లాంటి పలుచని పొర కనబడితే అది గంధకం మీద బతికే బ్యాక్టీరియా. అక్కడ పెద్ద గుల్లల ఆశ వదులుకోవచ్చు. చుట్టూ చచ్చిన గుల్లలు మూతలు తెరుచుకుని, రెండు చిప్పలూ ఇంకా అతుక్కునే ఉంటే అవి ఈమధ్యే చచ్చాయన్నమాట.

పురుగులు బతికున్న బురద మీద సన్నని సేమియా చుట్టల్లాంటి మట్టి కుప్పలు, పక్కనే సూదిబెజ్జాలు ఉంటాయి. ఇవీ, నాచు పరుపులూ ఎంత మేర ఉన్నాయో అడుగులతో కొలిచి రాయండి. స్కాట్లాండ్‌లోని ఐథన్ నదీముఖంలో పొలాల నత్రజనితో ఇలాగే పచ్చ నాచు పరుచుకుంది. ఆ పరుపు కింద కొరోఫియం అనే చిన్న జీవి, అక్కడి పక్షుల ముఖ్యమైన మేత, బాగా తగ్గిపోయింది.

డీవో కొలవాలంటే మీటరుతో, సూర్యోదయానికి ముందే, ఆ చోటే కొలవాలి. సీసాలో పట్టుకెళ్లి మధ్యాహ్నం ల్యాబ్‌లో చూపిస్తే ఆ అంకె పనికిరాదు. మీటరు లేకపోతే తెలిసిన రొయ్యల రైతును అడగండి, ఇస్తారు. అమ్మోనియా, నైట్రైటు, ఉప్పదనం మాత్రం దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌లో చూపించుకోవచ్చు. కాల్వ నీళ్లు పట్టేటప్పుడు అభయారణ్యం హద్దు బయట, సరస్సులో కలవక ముందే పట్టండి.

అనుమతి ఉంటే జల్లెడ

ఇది కాలేజీ విద్యార్థులకు. జువాలజీ శాఖ ద్వారా రాతపూర్వకంగా అటవీశాఖను అడగండి. పని ఎందుకో, ఎక్కడో, ఎంత బురద తీస్తారో స్పష్టంగా రాయండి.

10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్కను 15 సెంటీమీటర్లు దించి, పైన అరచేత్తో మూసి లాగితే బురద కడ్డీలా వస్తుంది. దాన్ని 0-2, 2-5, 5-10, 10-15 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ఈ కోత మీదే మొత్తం విలువ ఉంది. పై 2 సెంటీమీటర్లలో ఉన్నదే స్టింట్ తిండి, 10 దాకా ఉన్నది గాడ్‌విట్ తిండి. అంతా కలిపి లెక్కపెడితే ఎవరికి ఏం అందుతోందో తెలియదు. ఒక్కో ముక్కను అర మిల్లీమీటరు కన్ను ఉన్న జల్లెడలో సరస్సు నీళ్లతోనే నెమ్మదిగా కడగండి. మంచినీళ్లు పోస్తే పురుగులు పగిలిపోతాయి. ఒక మిల్లీమీటరు కన్ను వాడితే మురికిని తట్టుకునే ఆ సన్న పురుగులే జారిపోతాయి, అంటే మనకు కావాల్సిన సాక్ష్యమే పోతుంది.

మిగిలినదాన్ని తెల్ల పళ్లెంలో పోసి చూడండి. దారపు పోగులా సన్నగా, ఎర్రగా, కాళ్లు కనబడకుండా మెలికలు తిరిగేవి ఒక రకం. పక్కల నిండా కాళ్ల లాంటి బుడిపెలతో, తలకు దవడలతో, వేలి పొడవు దాకా పెరిగేవి ఇంకో రకం, హేచరీలు తల్లిరొయ్యల మేతకు కొనే పురుగులు ఈ కుటుంబాలవే. గుల్లలు, నత్తలు, పక్కకు వాలి ఈదే చిన్న రొయ్యజాతివి విడివిడిగా ఎంచండి. ఈ పైపు వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి ఒక కడ్డీలో వచ్చిన సంఖ్యను 127తో హెచ్చిస్తే చదరపు మీటరుకు లెక్క వస్తుంది. ఒక చోట కనీసం 5 కడ్డీలు తీయండి.

లోతు ముక్కలు ఖాళీగా ఉండి జీవులన్నీ పై 2 సెంటీమీటర్లలోనే ఉంటే, ఆ బురదకు ఊపిరాడటం లేదని అనుమానించండి. అదే రోజు అక్కడ పక్షులు విపరీతంగా మేస్తుంటే అది నేను పైన చెప్పిన పండగ దశ. నెల తర్వాత మళ్లీ అదే చోటికి వెళ్లి చూడాలి.

కాలుష్యం అనే ముందు

పులికాట్‌లో పురుగుల్ని చంపేవి ఇంకా ఉన్నాయి. నవంబరు వరదకు ఉప్పదనం పడిపోతుంది, వేసవిలో సముద్రం కన్నా ఎక్కువవుతుంది. తూపిలిపాళెం, రాయదొరువు ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతే సముద్రపు నీరు రాదు, లార్వాలూ రావు. ఒడిశాలోని చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాకే ఉప్పదనం, చేపలు కోలుకున్నాయి. అక్కడ సమస్య ఎరువులొక్కటే అనుకుని కూర్చుంటే పని జరిగేది కాదు.

అందుకని ఎప్పుడూ జంటగా చూడండి. కాల్వ కలిసే చోటొకటి, ఏ కాల్వా కలవని చోటొకటి. రెండింటిలో నీటి లోతు, ఉప్పదనం దాదాపు ఒకటే ఉండాలి, అదే రోజు అదే పూట చూడాలి. తేడా ఒకే ఏడాది కనబడితే గమనించానని రాయండి. మూడు నాలుగు చలికాలాలు వరుసగా కనబడితే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. ఫెస్టివల్ రోజు తీసిన ఫోటో పట్టుకుని సరస్సు చచ్చిపోయిందనో, బ్రహ్మాండంగా ఉందనో పోస్టులు పెట్టేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

మెడ వాలిన పక్షి కనబడితే

కాళ్లు ఆడక, రెక్కలు ఎత్తలేక, మెడ నిలబెట్టలేక బురదలో పడున్న పక్షుల్ని చూస్తే బొటులిజం అనుమానించాలి. ఆక్సిజన్ లేని కుళ్లులో పెరిగే బ్యాక్టీరియా విషం అది. చచ్చిన పక్షిలో పుట్టిన పురుగుల్ని తిన్నది కూడా చస్తుంది, అలా పాకుతుంది. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో వేల పక్షులు ఇలాగే పోయాయి. చేత్తో ముట్టుకోవద్దు. ఎన్ని, ఏ జాతి, ఎక్కడ అన్నది ఫోటోతో సహా అదే గంటలో అటవీశాఖకు చెప్పండి. కళేబరాలు ఎంత త్వరగా తీసేస్తే అంత మేలు.

రాసుకున్నదంతా ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు పక్షుల సంఖ్య పెట్టి వదిలేయకుండా, వ్యాఖ్యల గడిలో పోట్లు, మింగుళ్లు, బురద రంగు, నాచు, నీటి లోతు కూడా టైపు చేయండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో చేరితే అదే చోటును ఏళ్ల తరబడి చూసే వీలు దొరుకుతుంది. నిలబడిన చోటు గుర్తుకు కిలోమీటరు రాయి అంకె రాసుకోండి, ఫోన్ లొకేషన్‌తో పాటు. వచ్చే ఏడాది మీ బదులు ఇంకెవరు వెళ్లినా సరిగ్గా అదే బురద ముందు నిలబడగలగాలి.